సాలెవీధి బడిలో సభ

కందనగిరిని ఏలే భైరవరాయలికి ఒక శ్రావణమాసంలో ఉన్నట్టుండి బడుల మీదికి మనసు పోయింది. నగరపెద్ద మల్లపశెట్టినీ, నగరంలోని బడులన్నిటికీ అధికారి అయిన శేషాచలపతినీ పిలిపించాడు. ఈ ఏడాది బడులకు ఒకే ఒక్క పని చేయిస్తానని, ఏది ముందో వాళ్లిద్దరే తేల్చి చెప్పాలని అన్నాడు.

మూడు రోజులైనా ఇద్దరూ తేల్చలేదు. ప్రతి బడి ముందూ రాతి తోరణం నిలిపి, దాని మీద నగరపెద్దల పేర్లు చెక్కించాలని మల్లపశెట్టి వాదించాడు. తోరణం కంటే ముందు కంచుగంట కావాలని శేషాచలపతి పట్టుబట్టాడు. గంట మోగకపోతే తాను తనిఖీకి వచ్చిన సంగతి పిల్లలకెలా తెలుస్తుందని ఆయన బాధ.

సభలో జరిగిన మాటలన్నీ రాసిపెట్టడం పేరన్న పని. ఆ మూడు రోజులూ అతను తాటాకుల నిండా తోరణం, గంట అనే రెండు మాటలే రాశాడు.

పేరన్న మేనకోడలు గౌరమ్మ సాలెవీధి బడిలో చదివేది. అక్కడి పంతులు అచ్చయ్య చదువు బాగా చెబుతాడు. కానీ వానొస్తే బడి ఉండదు, ఎండొస్తే నీళ్లుండవు. పక్కకు వెళ్లడానికి చాటు లేక ఎదిగిన ఆడపిల్లలు ఒక్కొక్కరే మానేశారు. గౌరమ్మ ఆ నెలలోనే మానేసింది. అచ్చయ్య రాజుకు మూడు విన్నపాలు పంపుకున్నాడు. మూడూ శేషాచలపతి దగ్గరే ఆగిపోయాయి.

నాలుగో రోజు పేరన్న గంటం పక్కన పెట్టి లేచాడు.

"మహాప్రభూ, పెళ్లిచూపులు పిల్ల ఇంట్లోనే జరుగుతాయి. బడి మాటలు ఏ సాలెవీధి బడిలోనో మాట్లాడుకుంటే బాగుంటుందేమో" అన్నాడు.

రాజుకు ఆ మాట నచ్చింది. శేషాచలపతికి ఇంకా నచ్చింది, తన ఉపన్యాసం పిల్లలు కూడా వింటారని. సభ ముగిశాక పేరన్నను పక్కకు పిలిచాడు.

"రేపు మా ఇద్దరి నోటా వచ్చిన కోరిక ఒక్కటి కూడా పోకూడదు. వచ్చింది వచ్చినట్టు, వరసగా రాయాలి. తెలిసిందా?"

తెలిసిందన్నాడు పేరన్న.

మర్నాడు సాలెవీధి బడిలో సభ కూడింది. ఆసనాలు తెస్తామని భటులు అంటే, పిల్లలు కూర్చునే చోటే కూర్చుందామని రాజు నేల మీద బాసింపట్టు వేశాడు. అధికారులకు వేరే దారి లేకపోయింది. పిల్లలూ పంతులూ వెనక గోడ వారన సర్దుకున్నారు.

శేషాచలపతి గంట నాదం గురించి ఎత్తుకున్నాడు. గడియ తిరిగేసరికి గొంతు ఆరిపోయి, మంచినీళ్లు కావాలన్నాడు. బావి రెండు వీధుల అవతల ఉందని అచ్చయ్య వినయంగా చెప్పి మనిషిని పంపాడు. వెళ్లిన మనిషి ఎంతకీ రాలేదు.

ఈలోగా మల్లపశెట్టి కుదురుగా కూర్చోలేకపోయాడు. పొద్దున మజ్జిగ కాస్త ఎక్కువ తాగి వచ్చాడు. పక్కకు ఎటు వెళ్లాలని మెల్లగా అడిగాడు. అచ్చయ్య గుమ్మంలోంచి చూపించాడు. ఆ చోటికి మూడు వైపులా ఇళ్లు, ఒక వైపు సంత. శెట్టి చూసి వచ్చి, కాలు మీద కాలు వేసుకుని మళ్లీ కూర్చున్నాడు.

అప్పుడు వాన పట్టుకుంది. మొదటి చుక్క శేషాచలపతి తలపాగా మీద పడింది. ఆయన జరిగితే అక్కడా కారింది. అధికారులిద్దరూ ఒకేసారి, కాస్త కారని చోటు చూపించమన్నారు. మబ్బుకు లోపల చీకటి కమ్మి, చేతిలో ఉపన్యాసం కనిపించక, ఈ గోడకు ఒక కిటికీ అయినా పెట్టలేదేమని శేషాచలపతి విసుక్కున్నాడు.

పేరన్న తల వంచుకుని రాస్తూనే ఉన్నాడు.

ఇంతకూ ఏది ముందో తేలిందా అని రాజు అడిగాడు.

"తేలింది మహాప్రభూ. మా కోరికలన్నీ పేరన్న వరసగా రాశాడు. చదవమనండి" అన్నాడు శేషాచలపతి, తలపాగా పిండుకుంటూ.

పేరన్న లేచి చదివాడు.

"మొదటిది, విద్యాధికారిగారి కోరిక: మంచినీళ్లు. రెండోది, నగరపెద్దగారి కోరిక: మరుగుదొడ్డి. మూడోది, ఇద్దరూ ఏకగ్రీవంగా కోరినది: కారని కప్పు. నాలుగోది: కిటికీ. గంట గురించి దాహానికి ముందు కొంత చర్చ జరిగింది. తర్వాత ఎవరూ అడగలేదు."



రాజు నగరపెద్ద వైపు తిరిగి, ఇందులో మీరు అనని మాట ఏమైనా ఉందా అని అడిగాడు.

మల్లపశెట్టి ఆలోచించాడు.

"లేదు మహాప్రభూ. రెండోది మాత్రం కాస్త త్వరగా జరిగితే మంచిది."

రాజు పగలబడి నవ్వాడు. వెనక వరసలో పిల్లలు అంతకంటే గట్టిగా నవ్వారు. పంతులు వాళ్లను ఊరుకోమనలేదు, ఆయనా నవ్వుతున్నాడు. ఒక్క పని కాదు, ఆ నాలుగూ అదే వరసలో, నగరంలోని అన్ని బడులకూ చేయించమని రాజు ఆజ్ఞాపించాడు. తన భుజం మీది పట్టుశాలువా తీసి పేరన్నకు కప్పాడు.

శాలువా తడిసి ముద్దయి ఉంది. పేరన్న కళ్లకద్దుకుని, గుమ్మం దగ్గర దాన్ని పిండి, మళ్లీ కప్పుకుని ఉత్తర్వు రాయడానికి కూర్చున్నాడు.