హెరాక్లిస్ ముప్పై ఒకటో పేరు

క్లెయోన్‌కు వచ్చిన చిక్కల్లా ఒక్క పేరుతోనే.

గ్రీకుదేశంలో ఈటా కొండ కింద హెరాక్లిస్ గుడి ఉంది. మనిషిగా పుట్టి, వీరుడై, చివరికి దేవుడైన హెరాక్లిస్. ఆ గుడిలో క్లెయోన్ శిష్యుడు. మర్నాటి ఉత్సవంలో ఆయన పేర్లన్నీ పాడే వంతు ఆ ఏడు తొలిసారి అతనికొచ్చింది. మూడేళ్లు ఎదురుచూశాడు మరి! సింహాన్ని చంపినవాడు, ఆకాశం మోసినవాడు, చక్కని గెలుపులవాడు... ముప్పై పేర్లు గుక్క తిప్పుకోకుండా పాడేసేవాడు. ముప్పై ఒకటోది పలకాలంటేనే నామోషీ.

"గురువుగారూ, ఆ ఆఖరిది తీసేద్దామండీ. అంతటి మహావీరుణ్ణి పట్టుకుని 'మిడతలు తోలేవాడు' అంటారా? ఎప్పుడో ఈ చేలల్లో మిడతల్ని తోలాడట, నిజమే. పాటలో పెడితే నవ్విపోతారు."

గురువు యుఫ్రోన్ ఆలివ్ పండు నములుతూ "ఊఁ" అన్నాడు. ఔననీ కాదు, కాదనీ కాదు. ఆయన ఊఁ ఎప్పుడూ అంతే.

అంతలో మెలిస్సా అవ్వ రొప్పుతూ మెట్లెక్కి వచ్చింది. కొండ కింద బార్లీ చేను ఆవిడది.

"సామీ, మిడతలొచ్చాయి! పడమటి గట్టు దాటేశాయి. ఏడాది తిండి నాయనా, రెండు వారాల్లో కోతకొచ్చేది!"

యుఫ్రోన్ లేచి, దేవుడి పక్కన ఆనించి ఉన్న గద తీసి శిష్యుడి చేతికిచ్చాడు.

"వెళ్లు నాయనా. ముప్పై పేర్లు వచ్చుగా నీకు."

క్లెయోన్ పొంగిపోయాడు. పరుగున చేలో దిగి, "సింహాన్ని చంపినవాడా!" అని గద తిప్పాడు. మిడతలు లక్ష్యపెట్టలేదు. "ఆకాశం మోసినవాడా!" అన్నాడు. నాలుగు మిడతలొచ్చి గద మీదే తీరిగ్గా కూర్చున్నాయి. ఇంకోటి అతని ముక్కు మీద వాలింది. గద తగిలి చేను మాత్రం రెండు బారల మేర నేలకొరిగింది.

"నీకు పుణ్యముంటుంది, ఆ దుడ్డుకర్ర అవతల పెట్టు బాబూ! అవి తినేదానికంటే నువ్వు తొక్కేదే ఎక్కువ!" అంటూ అవ్వ అతని చేతిలో ఒక కంచు పళ్లెం, గరిటె పెట్టింది.

చుట్టూ చేలన్నిట్లో జనం పళ్లేలు మోగిస్తున్నారు. మోత మోతకీ ఆ ఒక్క పేరే పెట్టి పిలుస్తున్నారు. క్లెయోన్ కూడా గరిటె ఎత్తాడు. కాసేపటికి సిగ్గూ లేదు, రాగమూ లేదు. చెమటలు కక్కుతూ అందరికంటే పెద్దగా అతనే అరుస్తున్నాడు.

పొద్దు వాలే వేళకు దండు లేచి సముద్రం వైపు పోయింది. చేను మూడొంతులు నిలిచింది. అవ్వ ఏడ్చింది, నవ్వింది, అతని బుగ్గలు పుణికింది. క్లెయోన్ ఏదో అనబోతే గొంతులోంచి గాలి తప్ప మాట రాలేదు.

తెల్లారి తేనె నాకాడు, వేడినీళ్లు తాగాడు. లాభం లేకపోయింది. గుడి ముందు జనం కిటకిటలాడుతున్నారు. మూడేళ్ల ఆశ! అతనికి ఏడుపొక్కటే తక్కువ.

"ఒక్క పేరుకు సరిపడా గొంతుందా?" అని అడిగాడు యుఫ్రోన్.

క్లెయోన్ తలూపాడు.

"అయితే పాడు."

అతను మెట్టు మీద నిలబడ్డాడు. ఉన్న ఊపిరంతా కూడగట్టుకుని, బొంగురుగా, "మిడతలు తోలేవాడా!" అన్నాడు.

జనమంతా ఒక్క గొంతుతో అందుకున్నారు. ఆ హోరుకు గుడి కప్పు మీది పావురాలన్నీ లేచిపోయాయి. మెలిస్సా అవ్వ అయితే ఏకంగా చిందులే వేసింది.

గోల సద్దుమణిగాక క్లెయోన్ గురువు దగ్గరకొచ్చి, మిగిలిన ముప్పై మాటేమిటన్నట్టు వేళ్లు చూపించాడు.

"ఫర్లేదులే," అన్నాడు యుఫ్రోన్. "అవి ఆయనకు తెలుసు."