జత కత్తెర

మా వీధి చివర గవర్రాజు, సింహాలు అని అన్నదమ్ములు కుట్టుమిషను పెట్టుకుని బతికేవారు. "టేపుతో కొలిచేవాళ్ళు బోలెడుమంది, బుర్రతో కొలిచేది మేమే" అనేవారు. గవర్రాజు పెళ్ళాం పోలమ్మ అవునవునని తలూపేది.

ఉన్నది ఒకటే కత్తెర. ఒకరోజు ఊళ్ళో తవిటినాయుడి పెళ్ళి. ముహూర్తం ముంచుకొస్తోంది, పెళ్ళికొడుకు ప్యాంటు కాళ్ళ అంచులు ఇంకా కత్తిరించనేలేదు. "నాకియ్యి" అంటే "నాకియ్యి" అని ఇద్దరూ కత్తెర కోసం పీక్కుంటున్నారు.

అటుగా వెళ్తున్న ఇంగ్లీషు మాస్టారు జోగారావుగారు నవ్వారు. "కొట్టుకోకండర్రా! ఇంగ్లీషులో కత్తెర ఒకటి కాదు, జత. సిజర్స్ అంటారు. ప్యాంటూ అంతే, కళ్ళజోడూ అంతే" అని వెళ్ళిపోయారు.

ఇంకేముంది! "రెండుంచుకుని ఇన్నాళ్ళూ ఒకటనుకున్నాం కదన్నయ్యా!" అన్నాడు సింహాలు. మధ్య మర ఊడదీసి చెరొకటి తీసుకున్నారు. గీస్తారు, పొడుస్తారు, బట్ట తెగదే!

"సరిగ్గా కనపడక కాబోలు" అంది పోలమ్మ.

అంతే, గవర్రాజు తన కళ్ళజోడు మధ్యకి విరిచి తమ్ముడికో అద్దం ఇచ్చాడు. ఇద్దరూ చెరో కన్నూ మూసుకుని మళ్ళీ పొడిచారు. ప్యాంటు తెగలేదు గానీ గవర్రాజు లుంగీ చిరిగింది.

ఇంతలో పెళ్ళికొడుకు రొప్పుతూ వచ్చాడు. "నా ప్యాంటేదీ?"

"'ఏవీ' అనాలయ్యా, నీవి రెండు కదా!" అన్నాడు గవర్రాజు. అన్న ఒక కాలు, తమ్ముడు ఒక కాలు పట్టుకుని బర్రున లాగారు. "ఇది నీకు, అది మీ బావమరిదికి. వాడికీ బట్టలు పెట్టినట్టుంటుంది."

తవిటినాయుడికి ఏడుపొక్కటే తక్కువ. పోలమ్మ దండెం మీది పంచె లాగి, వాడి చుట్టూ చుట్టబెట్టి పందిట్లోకి తోసింది.

సంగతి తెలిసి మాస్టారు పరిగెత్తుకొచ్చారు. "జత అన్నది పేరుకేరా, వస్తువు ఒక్కటే! నేనొక్కణ్ణే వచ్చినా 'మాస్టారు వచ్చారు' అంటారా, 'వచ్చాడు' అంటారా?"

"అమ్మమ్మా, ఎంతమాట! 'వచ్చారు' అనే అంటామండి" అన్నారిద్దరూ.

"ఇదీ అలాగే!" అని, హమ్మయ్య అనుకుంటూ ఇంటిదారి పట్టారు.

అన్నదమ్ములు మొహామొహాలు చూసుకున్నారు. గవర్రాజు మిషను కింద దూరాడు. సింహాలు అటక ఎక్కాడు. పోలమ్మ బట్టల మూట విప్పి దులిపింది.

అంతలో మాస్టారి భార్య గుమ్మంలోకొచ్చి, "పోలమ్మా, మావారు ఇటొచ్చారా?" అనడిగింది.

"ఒకాయన ఇప్పుడే వెళ్ళాడమ్మా," అన్నాడు గవర్రాజు ఆయాసపడుతూ. "రెండో ఆయన కోసమే వెతుకుతున్నాం. బెంగపడకండి, దొరగ్గానే పంపించేస్తాం."