చెంగి పేరు పెట్టిన చట్టం

ఎండలు ముదిరి కొండవాగు ఇంకిపోయాక ఆ అడవి మొత్తానికి మిగిలింది ఒక్కటే మడుగు. పొద్దెక్కేసరికి అందరూ అక్కడే. దున్నల గుంపు వచ్చిందంటే మాత్రం దారి ఇవ్వాల్సిందే, ఇవ్వకపోతే అవే తీసుకుంటాయి. అలా తీసుకున్న దారిలోనే జింక పైడమ్మ పెద్ద పిల్ల చెంగి బురదలో కాలు దిగబడి, లేవలేక, తొక్కుడుకి చచ్చిపోయింది.

ఐదో రోజున ఏనుగు పెద్దయ్య సభ పెట్టించాడు. మడుగుకో చట్టం కావాలన్నాడు. అందరూ ఔనన్నారు గాని, కూర్చుని ఆలోచించే ఓపిక ఎవరికుంది? నక్క జంబన్న నేనున్నానన్నాడు. ఎవరూ పిలవకపోయినా ముందుకొచ్చేవాళ్లు కొందరుంటారు చూశారూ, ఆ రకం.

ఆ అడవిలో కాగితం, కలం లేవు. చట్టం ఏదైనా చిలకమ్మకి వల్లె వేయించాలి. ఆవిడ సభలో మొదటినుంచి చివరిదాకా వినిపించాలి. అందరూ కాలు నేలకేసి కొడితే చట్టమైపోయినట్టు. మధ్యలో ఒక్క మాట మారినా మళ్లీ మొదటినుంచి వినిపించాల్సిందే.

"దీనికి చెంగి చట్టం అని పేరు పెట్టాను," అన్నాడు జంబన్న కళ్లు తుడుచుకుంటూ. "ఈ అడవి ఉన్నన్నాళ్లూ ఆ పసిదాని పేరు ఉండాలి."

అంతే, ఎలుగుబంటి భోరుమన్నాడు. నెమళ్లు అందుకున్నాయి. అందరికన్నా గట్టిగా ఏడ్చింది దున్నలే. ఆ గోలలో చిలకమ్మ గొంతు ఎవరికీ వినపడలేదు. పైడమ్మకి మాత్రం నాలుగు రోజులుగా ఏడ్చి ఏడ్చి కన్నీళ్లు అయిపోయాయి. అందుకని ఆమె ఒక్కతే విన్నది.

"మొదటిది, పిల్లలు నీళ్లకొచ్చినప్పుడు తల్లులు ఇరవై బారల దూరంలో ఆగిపోవాలి. రెండోది, పిల్లల్ని మడుగుదాకా తీసుకెళ్లే బాధ్యత జంబన్నదే. మూడోది, వెళ్లిన పిల్ల తిరిగి రాకపోతే ఎందుకని జంబన్నని ఎవరూ అడగకూడదు."

దున్నల ఊసే లేదు. పైడమ్మ రెండో పిల్ల మువ్వ తల్లి కడుపు కింద నక్కి నిలబడి ఉంది. పైడమ్మ గొంతెత్తింది.

"ఆగండయ్యా! అసలు ఏం చెప్పిందో విన్నారా?"

ఎలుగుబంటి ముక్కు చీదుకుంటూ గుడ్లురిమాడు. "నీ బిడ్డ పేరున్న చట్టానికి నువ్వే అడ్డం పడతావా? ఆ పిల్లంటే నీకింత ప్రేమ కూడా లేదా?"

పైడమ్మకి ఒళ్లు మండిపోయింది. ఎవరి బిడ్డ గురించి ఎవరికి చెబుతున్నాడు! కానీ ఒకటి అర్థమైంది. దాని మీద చెంగి పేరున్నంతసేపూ లోపలి మాట ఎవరి చెవికీ ఎక్కదు. కోపం దిగమింగి జంబన్న వైపు తిరిగింది.

"అన్నయ్యగారూ, నిద్రాహారాలు మాని ఇంత చట్టం కూర్చింది మీరు. పేరు మాత్రం మా పిల్లదా? నా మనసు ఒప్పుకోవడం లేదు. జంబన్న చట్టం అని పెడితే మీ మునిమనవలు కూడా చెప్పుకుంటారు."

జంబన్న తోక దానంతటదే లేచింది. "ఛ ఛ, నాకెందుకమ్మా ఈ పేర్లూ అవీ..." అంటూ, ఎవరైనా బలవంతం చేస్తారేమోనని చుట్టూ చూశాడు. ఎవరూ చెయ్యలేదు. "సరేలే, ఇంతమంది ఇంతగా బతిమాలుతుంటే కాదనలేను గదా!"

"మాట మారింది. మొదటినుంచి కానీ చిలకమ్మా," అన్నాడు పెద్దయ్య.

"మళ్లీ ఎందుకు పెద్దయ్యా? మారింది పేరొక్కటే కదా!" అన్నాడు జంబన్న.

"ఆచారం ఆచారమే."

చిలకమ్మ గొంతు సవరించుకుంది. "జంబన్న చట్టం!"

ఈసారి ఒక్క కంట్లోనూ తడి రాలేదు. మొదటి మాటకి నెమళ్లు మెడలు చాచాయి. రెండోదానికి, "పిల్లల బాధ్యత ఎవరిదన్నావూ?" అని అడిగింది అడవికోడి, తన ఐదుగురినీ రెక్కల కిందికి లాక్కుంటూ. "జంబన్నదే," అంది చిలకమ్మ. మూడోదానికి సభంతా భగ్గుమంది.

"ఇందాకా ఇదే చెప్పావా?" అన్నాడు ఎలుగుబంటి.

"పొల్లుపోకుండా ఇదే చెప్పాను. మీరు ఏడుపులో ఉన్నారు."

కాళ్లు కొట్టే వేళకి ఒక్క కాలి చప్పుడే అయింది. అది జంబన్నది. "పోనీ నా పేరన్నా తీసేయండి," అన్నాడు గొణుగుతూ.

"తీస్తే మళ్లీ మొదటినుంచి చెప్పాలి. చెప్పనా?" అంది చిలకమ్మ. జంబన్న ఒక్క ఉదుటున పొదల్లో దూరాడు.

అప్పుడు పైడమ్మ దున్నల పెద్ద ఎదుటికెళ్లి నిలబడింది. "పిల్లలు తాగేదాకా మీవాళ్లు గట్టుమీదే ఆగాలి మావయ్యా. నేను అడిగేది ఇంతే."

"మాకూ దాహమేస్తుంది కదమ్మా?"

"పిల్లలు తాగేదెంత? నాలుగు గుక్కలు."

ఆ దున్న ఆమె మొహంలోకి చూడలేకపోయాడు. చిలకమ్మ ఆ మాటే సభకి వినిపించగానే అందరికన్నా ముందు తనే కాలు నేలకేసి కొట్టాడు. ఆ వెనకే సభంతా కొట్టింది.

"మరి దీనికి చెంగి పేరు పెడదామా?" అన్నాడు పెద్దయ్య.

"వద్దయ్యా. దాని పేరు మీ సభల్లో నలగొద్దు. నేను పిలుచుకోవడానికి నాకు వదిలేయండి."

మర్నాడు మడుగు దగ్గర పిల్లలు తాగుతుంటే, ఒక్కో పిల్ల పక్కన ఒక్కో తల్లి, గట్టుమీద దున్నల వరస. రాతిచాటునుంచి జంబన్న చూసి గుటకలు మింగాడు. అతనికి ఆ పూట దొరికింది ఆ గుటకలే.

నీతి: చట్టానికి ఎవరి పేరు పెట్టారో విని కరిగిపోయే ముందు, అందులో ఏం పెట్టారో వినాలి.