నలభై వేల మంది నూకరాజులు

అనగనగా నూకవరమనే రాజ్యం, దానికొక రాజు. రాజు పేరు నూకరాజు. మంత్రి నూకరాజు, వంటవాడు నూకరాజు, గుర్రాలు కడిగేవాడూ నూకరాజే. వెనకెప్పుడో మశూచి వచ్చినప్పుడు, పిల్లలు బతికితే అందరికీ నీ పేరే పెట్టుకుంటామని రాజుగారి ముత్తాత నూకాలమ్మకు మొక్కాడు. పిల్లలు బతికారు. మొక్కు ఇంకా తీరుస్తూనే ఉన్నారు. ఆడపిల్లయితే నూకరత్నం. ఆ రాజ్యంలో నూకవరమనే ఊళ్లే మూడు. పెళ్లికని బయల్దేరి వేరే నూకవరంలో, వేరే పెళ్లిలో భోంచేసి వచ్చినవాళ్లున్నారు. వంట బాగుంటే ఎవరూ పొరపాటని ఒప్పుకోలేదు.

రాజుకు ముగ్గురు కొడుకులు, ముగ్గురూ నూకరాజులే. గుర్రాలు కడిగేవాడి పేరు తనకేమిటని పెద్దవాడు ప్రచండభానుడని పెట్టుకున్నాడు. రెండోవాడు రిపుభయంకరుడయ్యాడు. పిల్లి ఎదురొస్తే దారి మార్చుకునే మనిషి. చిన్నవాడు బద్ధకం కొద్దీ నూకరాజుగానే ఉండిపోయాడు.

చిన్నవాడికి మంత్రి కూతురు నూకరత్నాన్ని ఇద్దామనుకున్నారు. ముహూర్తం పెట్టిన వారానికే ధూమజటుడనే మాంత్రికుడు ఆమెను ఏడు సముద్రాల అవతలికి ఎత్తుకుపోయాడు. ప్రచండభానుడు వెళ్లాడు, తిరిగి రాలేదు. రిపుభయంకరుడు వెళ్లాడు, తిరిగి రాలేదు. అప్పుడు నూకరాజు వెళ్లాడు.

మొదటి సముద్రపు ఒడ్డున వలలో చిక్కిన తాబేలును విడిపించాడు. అది పేరడిగింది.

"నూకరాజు. మా వాళ్లందరి పేరూ అదే."

"మాలోనూ అందరి పేరూ తాబేలే నాయనా. పెద్ద ఇబ్బందేమీ లేదు," అని వీపు మీద ఎక్కించుకుంది.

ఒక సముద్రం దాటారు, రెండు దాటారు, ఏడూ దాటారు. తాబేలు కాబట్టి కొంచెం ఆలస్యమైంది.

మాంత్రికుడి వాకిట్లో అన్నలిద్దరూ రాతిబొమ్మలై నిలబడి ఉన్నారు. పేరు కనుక్కుని మూడుసార్లు పిలిస్తే మనిషి రాయైపోవడం వాడి విద్య. వాడు నూకరాజును పేరడిగి, ఒకసారి పిలిచాడు. ఆ మంత్రానికి ఏ నూకరాజో తెలియలేదు. రాజ్యంలోని నలభై వేల మంది నూకరాజులకూ పంపకమైపోయి, అందరికీ మెడలు పట్టేశాయి. ఇంటి దగ్గర చలిగాలి అనుకున్నారు. రెండోసారి పిలిచాడు. అందరికీ చేతులు బిగుసుకున్నాయి. పని ఎగ్గొట్టడానికి సాకు దొరికిందని కొందరు సంతోషించారట. మూడోసారి పిలవబోతే వాడికి గొంతు పట్టేసింది. మంచినీళ్లకని లోపలికి వెళ్లాడు.

నూకరత్నం చిలక పంజరంతో పరుగెత్తుకొచ్చింది. మాంత్రికుడి ప్రాణం ఆ చిలకలోనే ఉందని, దానికి వాడు తన పేరే పెట్టుకున్నాడని, ఆ పేరు పోతే ప్రాణమూ పోతుందని చెప్పింది.

"మెడ విరిచేయరాదూ? నాకు చేతులు లేవడం లేదు," అన్నాడు నూకరాజు.

"పాపం, ఇదేం చేసింది? ఇన్నాళ్లూ నాతో కబుర్లాడింది ఇదొక్కటే. మన మొక్కు దీనికీ తీర్చండి."

పసిబిడ్డకు చెప్పినట్టు నూకరాజు చిలక చెవిలో మూడుసార్లు చెప్పాడు, నీ పేరు నూకరాజని. మూడోది పూర్తవుతుండగా మాంత్రికుడు మూతి తుడుచుకుంటూ వచ్చి నోరు తెరిచాడు.

"నూకరాజూ."

"ఆయ్, ఏంటండీ?" అంది చిలక.

మాంత్రికుడు ఉన్నచోటే పొగై గాలిలో కలిసిపోయాడు. రాళ్లు మనుషులయ్యాయి, పట్టేసిన మెడలూ చేతులూ సర్దుకున్నాయి. మీరెవరని తాబేలు అడిగితే, ప్రచండభానుడూ రిపుభయంకరుడూ ఒక్క గొంతుతో నూకరాజులమన్నారు.

ముహూర్తం దాటిపోయింది కాబట్టి ఇంకోటి పెట్టించి నూకరాజుకూ నూకరత్నానికీ పెళ్లి చేశారు. అన్నలిద్దరూ అడ్డు చెప్పకపోవడంతో రాజ్యం కొత్త జంటకే వచ్చింది. చాలాకాలం సుఖంగా ఏలారు. ఎంతకాలమో చెప్పడం కష్టం. తర్వాత కొడుకు నూకరాజు ఏలాడు, ఆ తర్వాత మనవడు నూకరాజు. మధ్యలో రాజు మారాడన్న సంగతి జనం పట్టించుకోలేదు. ఆ ఊళ్లల్లో అడిగి చూడండి, ఇప్పటికీ ఆయనే ఏలుతున్నాడంటారు.