పునుగు పిల్లి ఇచ్చిన హామీ

అనగనగా ఒక అడవి, ఆ అడవికి నడుమ ఒక వాగు. అనగనగా అన్నాను కదా అని తాతలనాటి సంగతి అనుకునేరు. మొన్నమొన్నటిదే.

వాగుకు ఇవతల ఉన్న జంతువులకు కావలసినవన్నీ అవతలి గట్టున దొరికేవి. కానీ వాగు దాటడం అందరి వల్లా అయ్యే పని కాదు. అందుకని అవతలి అంగళ్ళవాళ్ళు ఒక ఏర్పాటు చేసుకున్నారు. అంగడి పేరూ, సరుకుల బొమ్మలూ ఒక మోదుగాకు మీద గీకి మైనాలతో పంపేవాళ్ళు. ఇవతలివాళ్ళు కావలసిన బొమ్మ మీద గోటితో గుర్తు పెట్టేవాళ్ళు. బదులుగా తమ దగ్గరున్నది మూట కట్టి పంపేవాళ్ళు. మూటలు కొంగలు మోసేవి. రెండో రోజుకల్లా సరుకు గుమ్మంలో ఉండేది. దీన్ని ఆకు అంగడి అనేవాళ్ళు.

బాగానే ఉంది కదూ? ఒక్కటే చిక్కు. అమ్మేవాడి మొహం కొనేవాడికి కనబడదు. నక్క తాను కుందేలునని రాసుకున్నా ఆకు ఊరుకుంటుంది. పాపం, చాలామంది మోసపోయారు.

అప్పుడు సుగంధయ్య అనే పునుగు పిల్లి ముందుకొచ్చాడు. పునుగు పిల్లి ఒంటి వాసన ఇంకే జంతువుకూ రాదు. దాన్ని దొంగిలించడం ఎవరి తరమూ కాదు. సుగంధయ్య అందరినీ పిలిచి ఇలా చెప్పాడు.

"అంగడి పెట్టిన ప్రతివాడి ఇంటికీ నేనే వెళతాను. వాడు చెప్పుకున్న పేరు వాడిదేనా అని కళ్ళారా చూస్తాను. నిజమైతేనే వాడి ఆకుల మీద నా వాసన రాస్తాను. అది నాలుగు రోజులుంటుంది. మీరు వాసన చూసి కొనుక్కోండి. నా వాసన నమ్మి ఎవరైనా మోసపోతే, పోయినదంతా నేనే ఇస్తాను. ఇది నా హామీ."

అడవి అంతా చప్పట్లు కొట్టింది. అంగళ్ళవాళ్ళు నెలకో బుట్ట పళ్ళు సుగంధయ్యకు పంపసాగారు. పోనుపోను బుట్టలు పెరిగాయి. సుగంధయ్య బొజ్జా పెరిగింది.

ఇవతలి గట్టున ఓబులమ్మ అనే పందికొక్కు ఉండేది. అవును, పందికొక్కే. నవ్వకండి. పందికొక్కులంటే పొలాల మీద పడి తినేవే కదా అంటారు. ఓబులమ్మ కూడా ఒకప్పుడు అలాగే బతికింది. అంతకు ముందు ఏడు ఆమె మొగుడు జొన్న చేలో బోనులో పడి చచ్చిపోయాడు. ఆ రోజే ఆమె తన ఏడుగురు పిల్లల్నీ దగ్గరికి తీసుకుని గట్టిగా చెప్పింది.

"ఇక మన ఇంట్లోంచి ఎవరూ పంట ఉన్న చేలోకి పోకూడదు. మన బొరియ ముందు నేల మనం దున్నుకుందాం. మన కొర్రలు మనం పండించుకుందాం."

అన్నది అన్నట్టే చేసింది. ఎండాకాలమంతా తవ్వి తవ్వి నేల సిద్ధం చేసింది. కోత అయిపోయిన చేలలో రైతులు వదిలేసిన వేరుశనగకాయలు ఒక్కొక్కటీ ఏరి పోగు చేసింది. ఇక విత్తనాలు కావాలి. తొలకరికి విత్తితేనే పంట. లేదంటే చలికాలం వచ్చేసరికి ఇంట్లో గింజ ఉండదు. పిల్లలు ఆకలికి ఆగలేక మళ్ళీ ఆ చేలోకే పోతారు. అక్కడ బోను ఉండనే ఉంది.

ఒక పొద్దున మైనా ఒక ఆకు తెచ్చింది. "కౌజుపిట్ట వీరన్న విత్తనాల అంగడి" అని ఉంది దాని మీద. వీరన్న మంచి విత్తనాలు అమ్ముతాడని రెండు గట్లకూ తెలుసు.

ఓబులమ్మ ఆకు తీసుకుని వాసన చూసింది. తిప్పి మళ్ళీ చూసింది. మైనాకు విసుగొచ్చింది.

"అక్కా, నాకింకా పది ఇళ్ళున్నాయి. ఎంతసేపు చూస్తావు?"

"ఒక్క క్షణం ఆగు మైనా. సుగంధయ్య గారి వాసన ఉందో లేదో చూడకుండా నా పిల్లల తిండి ఎలా పంపేది?" అని మూడోసారి కూడా చూసింది. వాసన ఉంది. కమ్మగా, స్పష్టంగా ఉంది.

కొర్రల బొమ్మ మీద గుర్తు పెట్టింది. ఆకులో సగం చించి మైనాకిచ్చి, సగం తన దగ్గర ఉంచుకుంది. వేరుశనగకాయలన్నీ మూటలు కట్టి కొంగలకెత్తింది.

రెండో రోజు మూట వచ్చింది. పిల్లలు చుట్టూ చేరారు. ఓబులమ్మ ముడి విప్పింది. పైన గుప్పెడు కొర్రలు. కింద అంతా ఇసుక.

ఓబులమ్మ ఇసుకను అడుగుదాకా కెలికి చూసింది. వెంటనే మైనాను వీరన్న దగ్గరికి పంపింది. మైనా వెళ్ళి చూసి, గసపెడుతూ వచ్చింది.

"అక్కా, అసలు వీరన్న ఈ ఆకు పంపలేదట. ఆయన ఉండేది తూర్పు దిబ్బ మీద. ఈ ఆకు వచ్చింది పడమటి కన్నం నుంచి. ఆ కన్నంలో ఉడుము ఉండేదట. ఇప్పుడు ఖాళీ. తోక ఈడ్చుకుపోయిన చార మాత్రం మిగిలింది."

పక్క బొరియలోని మరిది గంగులు ఈ మాట విని వచ్చాడు.

"వదినా, పోయిందేదో పోయింది. ఎవర్ని పట్టుకుంటాం? చేను పక్కనే ఉంది. ఈ పూటకు పెద్దవాణ్ణి నాతో పంపు. నాలుగు కంకులు తెచ్చుకుందాం."

ఓబులమ్మ పెద్ద కొడుకు వంక చూసింది. వాడు అప్పుడే లేచి నిలబడ్డాడు.

"కూర్చోరా," అంది. తర్వాత గంగులుతో అంది. "ఉడుము దొరకదు, నిజమే. కానీ నేను నమ్మింది ఉడుమును కాదు. సుగంధయ్య గారి వాసనను. ఆయన మాటిచ్చాడు. ఆయన దగ్గరికే పోతాను."

ఆ సాయంత్రమే వాగు దాటింది. కొంగ వీపు మీద కళ్ళు మూసుకుని కూర్చుని దాటింది. సుగంధయ్య పనసతొన తింటూ కనిపించాడు.

"అయ్యా, మీ వాసన నమ్మి మోసపోయాను. మీ హామీ ప్రకారం నా విత్తనాలు ఇప్పించండి."

సుగంధయ్య నిదానంగా చేతులు నాక్కున్నాడు. "చూడు ఓబులమ్మా, సరుకు మంచిదా చెడ్డదా అన్నది నా పూచీ కాదు. గింజ పుచ్చినా, కాయ పులిసినా నన్ను అడగకూడదు."

"గింజ పుచ్చిందని రాలేదయ్యా. వీరన్న కానివాడు వీరన్ననన్నాడు. మీరు ఔనన్నారు. అందుకొచ్చాను."

సుగంధయ్య పనసగింజ అవతల పారేశాడు. "సరే. ఆకు చూపించాలి కదా. నేనిప్పుడు ఊరికి పోతున్నాను. ఐదు రోజుల తర్వాత ఆకు పట్టుకుని రా" అన్నాడు.

గమనించారా పిల్లలూ? వాసన ఉండేది నాలుగు రోజులు. రమ్మన్నది ఐదు రోజుల తర్వాత. బొజ్జ నిండితే తెలివి ఇలాంటి పనులకే వస్తుంది కాబోలు!

ఓబులమ్మకు అర్థం కాకపోలేదు. ఇంటికి రాగానే తన దగ్గరున్న సగం ఆకును మడిచి నత్తగుల్లలో పెట్టింది. చుట్టూ బంకమట్టి మెత్తింది. ఆరాక మళ్ళీ మెత్తింది. రోజూ బొరియ మూతికి గాలి చొరకుండా మట్టి పెట్టుకునే పందికొక్కుకు ఆ పని ఒకరు నేర్పాలా?

ఐదో రోజు మబ్బులు పడమటి కొండ మీదికి వచ్చాయి. ఓబులమ్మ మట్టి ముద్ద పట్టుకుని వెళ్ళింది. సుగంధయ్య ముందు రాయి మీద పెట్టి పగలగొట్టింది. వాసన గుప్పుమంది. సుగంధయ్య ముక్కుపుటాలు అదిరాయి. సొంత వాసనను కాదని ఎలా అంటాడు?

"నాదే," అని ఒప్పుకున్నాడు. "కానీ నువ్వు కాయలు పంపక ముందు వాసన చూశావో, మోసపోయాక చూశావో నాకేం తెలుసు? నా హామీ వాసన చూసి నమ్మినవాళ్ళకే. చూడకుండా కొన్నవాళ్ళకు కాదు. సాక్ష్యం తెచ్చుకో."

"తెస్తాను," అంది ఓబులమ్మ. వెనక్కి తిరిగింది.

మర్నాడు మబ్బులు వాగు మీదికి వచ్చాయి. మూడోసారి ఓబులమ్మ వెళ్ళేసరికి సుగంధయ్య ఇంటి ముందు చాలామంది ఉన్నారు. ఆకుల కట్టలతో అంగళ్ళవాళ్ళు, కొనడానికొచ్చినవాళ్ళు, కొంగలు. ఓబులమ్మ వెంట మైనా ఉంది.

మైనాల సంగతి మీకు తెలుసు కదా. విన్నది విన్నట్టు, ఎవరి మాట వాళ్ళ గొంతుతోనే చెబుతాయి. మైనా కొమ్మ మీద కూర్చుని గొంతు సవరించుకుంది. అచ్చం ఓబులమ్మ గొంతుతో అంది:

"ఒక్క క్షణం ఆగు మైనా. సుగంధయ్య గారి వాసన ఉందో లేదో చూడకుండా నా పిల్లల తిండి ఎలా పంపేది?"

అందరి తలలూ సుగంధయ్య వైపు తిరిగాయి.

"మూడు సార్లు చూసింది. ఆ తర్వాతే మూట కట్టింది. నేనే విసుక్కున్నాను," అంది మైనా తన గొంతుతో.

ఓబులమ్మ రెండడుగులు ముందుకొచ్చింది. "అయ్యా, ఒక్కటి అడుగుతాను. ఆ పడమటి కన్నం దగ్గరికి మీరు వెళ్ళారా?"

సుగంధయ్య నేల చూపులు చూశాడు. "ఎండ ఎక్కువగా ఉండింది. వాడు రెండు బుట్టల పనసతొనలు పంపాడు. ఆకుల కట్ట ఇక్కడికే తెచ్చి ఇచ్చాడు. వీరన్న బంధువునన్నాడు. వాసన రాసేశాను."

"మీరు రెండడుగులు వేయనందుకు నా పిల్లలు బోను దగ్గరికి నడవాలా?" అంది ఓబులమ్మ. "ఇవ్వనంటే చెప్పండి, పోతాను. కానీ అయ్యా, ఈ రోజు మీరు కాదంటే రేపటి నుంచి మీ వాసన ఉన్న ఆకూ, లేని ఆకూ ఒకటే."

ఒక ముసలి కుందేలు తన చేతిలోని ఆకును చూసుకుంది. మెల్లగా కింద పెట్టేసింది. దాని వెనక ముళ్ళపంది కూడా పెట్టేసింది. తర్వాత ఇంకొకరు.

సుగంధయ్య అదంతా చూశాడు. ఇన్నాళ్ళూ తనకు పళ్ళు వస్తున్నది ఒంటి వాసనకని అనుకున్నాడు. కాదు, ఆ రోజు ఇచ్చిన మాటకు వస్తున్నాయి. అది అప్పుడు తెలిసింది. సిగ్గుతో చెవులు వాల్చేశాడు.

"తప్పు నాది ఓబులమ్మా," అన్నాడు. "ఉడుము దొరికేదాకా నువ్వు ఆగనక్కర్లేదు. పద."

ఇంట్లో ఉన్న పళ్ళ బుట్టలన్నీ బయటికి లాగించాడు. తూర్పు దిబ్బకు తనే దగ్గరుండి మోయించుకుపోయి అసలు వీరన్నకిచ్చాడు. బదులుగా కొర్ర విత్తనాలు తీసుకున్నాడు. ఒక్క గింజ తగ్గకుండా ఓబులమ్మ ముందు పోశాడు. మూటలు తన వీపు మీదే వేసుకుని, కొంగ మీద దాటుతున్న ఆమె వెంటే వాగులో నడుములోతు నీళ్ళలో నడిచి ఇవతలికి వచ్చాడు. అప్పటికే చినుకులు మొదలయ్యాయి.

ఓబులమ్మ తడుస్తూనే విత్తింది. పిల్లలు విత్తారు. గంగులు కాసేపు గుమ్మంలో నిలబడి చూసి, తనూ వచ్చి ఒక సాలు పట్టుకున్నాడు.

"వదినా, మళ్ళీ ఆ పునుగు వాసన నమ్ముతావా?" అని అడిగాడు.

"నమ్ముతాను. చూసే నమ్ముతాను," అంది ఓబులమ్మ, వంగిన నడుము ఎత్తకుండా.

ఉడుము ఏమైందంటారా? ఎటు పోయిందో ఇప్పటికీ తెలియదు. దొంగ దొరకాలని మీకు ఉంటుంది, నాకూ ఉంది. దొరకలేదు. సుగంధయ్య మాత్రం ఆ తర్వాత ఎండైనా వానైనా ప్రతి కన్నానికీ నడిచి వెళ్ళి, లోపలికి తొంగి చూసి, పేరు అడిగి, ఇరుగుపొరుగును కూడా అడిగి గానీ వాసన రాయలేదు. బొజ్జ తగ్గింది. మనిషి, కాదు కాదు, పిల్లి చురుగ్గా తయారైంది.

కొర్రలు విరగపండాయి. చలికాలం వచ్చింది. చేలో రైతు మళ్ళీ బోను పెట్టాడు. అది ఖాళీగానే ఉంది. రోజూ సాయంత్రం ఓబులమ్మ పిల్లల్ని లెక్కపెట్టుకుని బొరియ మూతికి మట్టి పెట్టేది. వసంతం వచ్చేదాకా లెక్క ఏడే.

నీతి: నన్ను నమ్మండని మాటిచ్చినవాడు, ఆ నమ్మకం వల్ల ఎవరికి నష్టం వచ్చినా తానే పూడ్చాలి. నమ్మేవాడు చూసి నమ్మాలి, మోసపోతే ఊరుకోకుండా అడిగి తీసుకోవాలి.