ఆ పీట, ఈ పీట

"నీళ్లొచ్చె నీళ్లొచ్చె తీగమ్మ తల్లీ,
వాలిన నీ మోము ఎత్తవే తల్లీ..."

తరవాతి చరణం గుర్తు లేదు. మా మేనత్త వరాలమ్మ తమలపాకులు కట్టలు కడుతూ పాడేది. రాసుకుందామంటే అప్పటికి నాకు అక్షరాలు రావు. పాట పోయినా, దాని వెనకాల అత్త చెప్పిన కథ మాత్రం నిలిచింది.

ఒకానొక రాజ్యంలో, దాని పేరు అత్త చెప్పలేదు, నేనూ అడగలేదు, ప్రచండసేనుడనే రాజు ఉండేవాడట. తనకు సాటి ఎవరూ లేరని ఆయన నమ్మకం. అందుకని చదరంగం కూడా తనతో తనే ఆడేవాడు. ఈ పక్క పీట మీద కూర్చుని ఒక ఎత్తు వేసి, లేచి, బల్ల చుట్టూ తిరిగి, ఆ పక్క పీట మీద కూర్చుని ఇంకో ఎత్తు వేసేవాడు. ఆట అయ్యాక "మేమే గెలిచాం!" అనేవాడు. సభంతా చప్పట్లు కొట్టేది.

ఆయన ఓసారి తన హంసల కొలను నింపుకోవడానికి ఊరి కాలువ మళ్లించేశాడు. ఆ కాలువ చివర గురవమ్మ అనే ముసలామెకు ఆకుతోట ఉంది. తమలపాకు తీగ ఎంత సుకుమారం! నీళ్లు అందక తోటంతా తల వాల్చేసింది. గురవమ్మకు వేరే ఆధారం లేదు. వాడిన తీగ ఒకటి చేత పట్టుకుని సభకు వచ్చింది.

"ఎవరి మీద నీ ఫిర్యాదు?" అన్నాడు రాజు.

"తమరి మీదే బాబయ్యా."

సభ గతుక్కుమంది. రాజు మీసం దువ్వాడు.

"సాటివాడి మీద సాటివాడే ఫిర్యాదు చెయ్యాలి. మా తాతల నాటి కట్టుబాటు. మాకు నువ్వు సాటా?"

గురవమ్మ వెనక్కి తిరిగింది. ఆస్థానంలో హాస్యగాడు ఓబన్న అడ్డొచ్చాడు.

"ఉండు పెద్దమ్మా. ప్రభూ, తమకు సాటి ఒకరున్నారు."

"ఎవడు వాడు?" రాజు సింహాసనం మీంచి సగం లేచాడు.

"తమరే ప్రభూ! రోజూ తమతో ఆడుతున్నది ఎవరు?"

రాజుకు కోపం పోయి సంబరం వచ్చింది. "అదీ నిజమే! అయితే మా మీద మేమే ఫిర్యాదు చేసుకోవాలా? చోద్యం! అడిగేదెవరు, జవాబు చెప్పేదెవరు?"

"ఆటలో లాగే ప్రభూ. ఈ పీట మీద కూర్చుని అడగండి. ఆ పీట మీదకు మారి జవాబు చెప్పండి. ఇది తమరి వల్ల తప్ప ఇంకెవరి వల్లవుతుంది?"

రాజు పొంగిపోయాడు. గురవమ్మ చేతిలోని తీగ అందుకుని ఈ పీట మీద కూర్చున్నాడు.

"ఓయీ ప్రచండసేనా! ముసలిదాని తోట ఎండగట్టి హంసలకు ఈత నేర్పుతావా? సిగ్గు లేదూ?"

లేచి ఆ పీటకు వెళ్లాడు. "నోరు అదుపులో పెట్టుకో! మేము రాజులం!"

మళ్లీ ఈ పీటకు. "రాజైతే? కొలను కావాలని హంసలు వచ్చి అడిగాయా నిన్ను?"

మళ్లీ ఆ పీటకు వెళ్లాడు. నోరు తెరిచాడు. మాట రాలేదు. చెమట తుడుచుకుని, తీర్పు చెబుదామని సింహాసనం ఎక్కి, అక్కడా నసిగాడు.

"ఓబన్నా! ఎటు చెప్పినా ఒక ప్రచండసేనుడు ఓడిపోతున్నాడే!"

"చదరంగంలోనూ రోజూ ఒకరు ఓడుతూనే ఉన్నారు ప్రభూ. మేము గెలిచినాయన్నే చూసి చప్పట్లు కొడుతున్నాం. ఇవాళా కొడతాం. ఏ పీట మీది ఆయనకు కొట్టమంటారో సెలవియ్యండి."

రాజు చేతిలోని తీగను చూశాడు. సభను చూశాడు. ఉన్నట్టుండి కిరీటం జారేంతగా నవ్వాడు.

"ఈ పీటకే! కాలువ వదలండి! ఒరే ఓబన్నా, ఈ ముత్యాలదండ నీదే. రేపట్నించి చదరంగానికి ఎదురుగా నువ్వే కూర్చో. బల్ల చుట్టూ తిరగలేక మోకాళ్లు పోతున్నాయి."

పొద్దు వాలేలోగా తోటకు నీళ్లు చేరాయట. గురవమ్మ చీర కుచ్చెళ్లు పైకి దోపుకుని, పాదాలు మునిగేదాకా ఆ నీళ్లలోనే నిలబడిపోయిందట.

అత్తను ఆఖరుసారి చూసినప్పుడు, ఎన్నాళ్లుగానో మనసులో ఉన్నది అడిగేశాను. "అత్తా, ఇంతకీ ఆ వేళ రాజు గెలిచినట్టా, ఓడినట్టా?"

ఆకుకట్టకు నారతో ముడి బిగిస్తూ అంది:

"ఏమోనే తల్లీ. తోటకు మాత్రం నీళ్లొచ్చాయి."