బల్లమీది చేప ముక్క

విశాఖపట్నం చేపల రేవు పక్కనున్న పరీక్షాకేంద్రంలో భుజంగరావు అనే పెద్దాయన పనిచేసేవాడు. చదువుకేం లోటు లేదు గానీ, తనవల్ల కూడా పొరపాటు జరగొచ్చన్న ఆలోచన ఆయనకు కలలో సైతం వచ్చేది కాదు.

ఐసు లేకుండా వేడిలో ఉన్న చేపలో ఒక విషం పుడుతుంది. అది వాసనకు తెలియదు, కూర వండినా పోదు. రేవుకు వచ్చిన సరుకులో ఆ విషం ఉందో లేదో తేల్చడమే ఆయన పని. అందుకు ఓ పెద్ద యంత్రం ఉండేది. దానికి సీసాలకు సీసాలు ఘాటైన ద్రావకాలు కావాలి. పరీక్ష ముగిసేసరికి అందరికీ కళ్లు మండేవి, వాడేసిన ద్రావకం డ్రమ్ముల్లో పేరుకునేది. అయినా ఎన్ని సీసాలు ఖాళీ అయితే పరీక్ష అంత గట్టిదని ఆయన నమ్మకం.

ఆయన దగ్గర హైమ అనే అమ్మాయి కొత్తగా చేరింది. ఆమె శంఖుపుష్పాల రంగు అద్దిన కాగితాలు తయారుచేసుకుంది. గోరంత చేప ముక్కను చెంచాడు నీళ్లతో నూరి, ఒక్క చుక్క కాగితం మీద వేసేది. కాగితం నీలంగానే ఉంటే చేప మంచిది. పచ్చబడితే చెడిపోయినట్టు. అంతే, కళ్లు మండేది లేదు, డ్రమ్ము నిండేది లేదు.

"పరీక్ష చేస్తున్నావా తల్లీ, పేరంటానికి పూలు సర్దుతున్నావా?" అని భుజంగరావు నవ్వేవాడు. హైమ కూడా నవ్వేసి తన పని తాను చేసుకునేది.

ఒకరోజు పొద్దున్నే మైలపిల్లి కొర్లమ్మ బండెడు తూర చేపలు తెచ్చింది. భర్త సముద్రంలో పోయినప్పటినుంచి ఆ వ్యాపారం ఒక్కతే చూసుకునేది. తను తిన్నా తినకపోయినా చేపకు ఐసు మాత్రం తగ్గనిచ్చేది కాదు. అందుకే ఆమె సరుకంటే రేవులో అందరికీ గురి. పరీక్షలో తప్పితే ఆ బండెడు చేపా గోతిలో పూడ్చాల్సిందే. పోయిన పేరు మళ్లీ తెచ్చుకోవడం ఎవరి తరం?

హైమ ఒక చేపలోంచి గోరంత తీసి వెంటనే చూసింది. కాగితం నీలంగానే ఉంది.

"బాగుంది సార్" అంది.

"ఆ మాట యంత్రం చెప్పాలి" అన్నాడు భుజంగరావు. అదే చేపలోంచి ఒక ముక్క కోసి పళ్లెంలో పెట్టాడు. ఫ్రిజ్ నిండా ఆయన ద్రావకం సీసాలే, ఇక చేపకు చోటెక్కడిది? పళ్లెం కిటికీ పక్కన బల్లమీదే ఉండిపోయింది. ఇంతలో ఒక ద్రావకం అయిపోయింది. అది తెప్పించి యంత్రం నడిపేసరికి సాయంత్రం నాలుగైంది. విషం ఉందని తేలింది.

బయట కాచుకుని ఉన్న కొర్లమ్మ ఆ మాట విని మెట్టు మీద కూలబడింది. "నా సేపలో ఇసమా? నానేటి తక్కువ సేసినాను బాబూ? పసిబిడ్డని సూసుకున్నట్టు సూసుకున్నాను గదా!"

ఆ ఏడుపు విని హైమ గబగబా రెండు కాగితాలు తెచ్చింది. ఒకదానిమీద బల్లమీది ముక్కను నూరి చుక్క వేసింది. ఆ చేపలో మిగిలిన భాగం కొర్లమ్మ ఐసు పెట్టెలోనే ఉంది. అందులోంచి కాస్త తీసి రెండోదాని మీద వేసింది. మొదటిది పచ్చబడింది. రెండోది నీలంగానే ఉంది.

"సార్, రెండూ ఒక్క చేపవే" అంది మెల్లగా.

భుజంగరావు కాగితాలకేసి చూశాడు. బల్లమీద పడుతున్న ఎండకేసి చూశాడు. యంత్రం అబద్ధం చెప్పలేదు. కానీ ఆ విషం పుట్టింది కొర్లమ్మ బండిలో కాదు, ఆయన బల్లమీద! ఆయన ఐసులోంచి కొత్త ముక్క కోసి, క్షణం ఆగకుండా మళ్లీ పరీక్షించాడు. విషం ఛాయలు కూడా లేవు.

ఆయన బయటికి వెళ్లి కొర్లమ్మ పక్కనే మెట్టు మీద కూర్చున్నాడు. "తప్పు నీది కాదమ్మా, నాది. పొద్దుటినుంచి నీ చేపను ఎండలో పెట్టింది నేనే. నన్ను క్షమించు" అన్నాడు.

కొర్లమ్మ కొంగుతో కళ్లు తుడుచుకుంది. "ఒప్పుకున్నావు, అదే పదివేలు బాబూ. ఇంక నా బండి కదలనియ్యి, ఐసు కరిగిపోతంది" అంది.

మర్నాటినుంచి ఏ సరుకు వచ్చినా ముందు హైమ కాగితం మీదే చుక్క పడేది. అది పచ్చబడితేనే యంత్రం దాకా వెళ్లేవారు.

నీతి: చేతిలో ఎంత గొప్ప సాధనం ఉన్నా సరే, ఎదుటివారిని తప్పుపట్టే ముందు మన చేతుల్లో జరిగిన పొరపాటును వెతుక్కోవాలి.